గెలిచి రా అనకండి, వెళ్ళి రా అనండి

మార్చి వచ్చిందంటే విశాఖలో పొద్దున్నే రోడ్ల మీద ఒక రకం బళ్ళు కనిపిస్తాయి. నాన్న నడుపుతుంటాడు. వెనక పిల్లో పిల్లాడో, ఒళ్ళో ప్యాడ్, ప్యాడ్ క్లిప్పు కింద హాల్ టికెట్. కూర్మన్నపాలెంలో బయల్దేరిన బండి గాజువాక సిగ్నల్ దగ్గర ఆగేసరికి ఆ నాన్న తల సగం వెనక్కి తిప్పి మూడు మాటలు అనేసి ఉంటాడు. "ప్రీఫైనల్లో మార్కులు ఎక్కడ పోయాయో గుర్తుందా?" "మీ పెదనాన్న కూతురికి ఈ పేపర్లో నూటికి నూరొచ్చాయి." "టెన్షన్ పడకు, పడితే వచ్చింది కూడా మర్చిపోతావు." పచ్చ లైటు వెలుగుతుంది, బండి కదులుతుంది. వెనక కూర్చున్న పిల్ల నోరు మెదపదు.

ఆ తండ్రికి కూతురంటే ప్రాణం. రాత్రంతా సి షిఫ్ట్ చేసి, కళ్ళు మండుతున్నా ఆటో ఎక్కించకుండా తనే దింపడానికి వచ్చాడు. కూతురికి ధైర్యం చెప్పాలనే ఆయన తాపత్రయం. చేస్తున్నది మాత్రం శల్య సారథ్యం. కర్ణుడి రథం పగ్గాలు పట్టుకుని దారి పొడవునా అర్జునుడి గొప్పలు చెప్పిన శల్యుడు ఆ పని కావాలని చేశాడు. మనం ప్రేమ కొద్దీ, భయం కొద్దీ చేస్తాం. వెనక కూర్చున్నవాళ్ళకి రెండూ ఒకేలా వినిపిస్తాయి.

మరి ఏం చెప్పాలి? ఈ ప్రశ్నకి మన ఊళ్ళోనే ఒక తల్లి మంచి జవాబు ఇచ్చింది.

పతకం అడగని అమ్మ

జ్యోతి యర్రాజి పేరు మీరు వినే ఉంటారు. 1999లో విశాఖలో పుట్టింది. నాన్న సెక్యూరిటీ గార్డు. అమ్మ ఇళ్ళల్లో పని చేసేది, ఆసుపత్రిలో శుభ్రం చేసే పనికీ వెళ్ళేది. జ్యోతి పోర్ట్ హైస్కూల్లో చదువుతుండగా, పొడుగ్గా ఉన్న ఈ పిల్ల హర్డిల్స్‌కి పనికొస్తుందని అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తించారు. 2016లో హైదరాబాద్‌లో స్పోర్ట్స్ అథారిటీ (సాయ్) హాస్టల్లో నాగపురి రమేశ్ శిక్షణలో చేరింది. ఆ తర్వాత భువనేశ్వర్‌లో బ్రిటిష్ కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గర సాధన చేసింది. 2022 అక్టోబరులో బెంగళూరులో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.82 సెకన్లలో ముగించి, 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళగా నిలిచింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలో దిగిన మొదటి భారతీయురాలూ ఆమే.

ఇన్ని పోటీలకు వెళ్ళిన కూతురికి ఆ తల్లి ప్రతిసారీ ఏం చెప్పి పంపేదో జ్యోతే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. పతకం తెమ్మని గానీ, బంగారం గెలవమని గానీ అమ్మ ఏనాడూ అనలేదట. ఒంట్లో బాగుండాలి, చేసినదానితో నీకు తృప్తి కలగాలి, వెళ్ళు అనేదట. కాలాన్ని ఆపలేం కాబట్టి ముందుకు నడవమనేదట. అందుకే తను ఉత్సాహంగా బరిలో దిగగలుగుతున్నానని జ్యోతి అంది.

ఆ తల్లికి ఆశ లేక కాదు. రెక్కలు ముక్కలు చేసుకునే ఇంట్లో కూతురి మీద ఎంత ఆశ ఉంటుందో వేరే చెప్పాలా? ఆ ఆశ బరువును మాత్రం ఆమె పిల్ల భుజం మీద పెట్టలేదు. "గెలిచి రా" అని పంపిస్తే, గెలవకపోతే ఇంటికి ఏ మొహంతో వెళ్ళాలన్న ప్రశ్న కూడా పిల్ల వెంటే వెళుతుంది. స్టార్టింగ్ లైన్ మీదైనా, పరీక్ష హాల్లోనైనా సగం బుద్ధి ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోతుంది. "వెళ్ళి రా" అంటే ఇంటికి రావడం ఖాయమైపోయింది. ఇక ఉన్న బుద్ధంతా ముందున్న పని మీద పెట్టవచ్చు. పిల్లల ధైర్యానికి పునాది ఇదే. ఓడినా ఇంట్లో తన చోటు ఎక్కడికీ పోదని తెలిసిన పిల్లే సాహసం చేస్తుంది.

లెక్కలోకి రాని పరుగు

జ్యోతి కథలో పతకాల కంటే తల్లిదండ్రులకు ఎక్కువ పనికొచ్చే ఘట్టం ఇంకొకటి ఉంది. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 2002 నుంచీ ఒడిశా అమ్మాయి అనురాధా బిస్వాల్ పేర ఉండేది. 13.38 సెకన్లు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. రికార్డు బద్దలైంది, పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు. ఆ మీట్‌లో డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్. ఈసారి 13.09. మళ్ళీ రికార్డు కన్నా మెరుగే. కాని వెనక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. ఆ పాయింట్ ఒకటితో రెండోసారీ పోయింది.

మరుసటి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23లో పరిగెత్తింది. ఇది లెక్కలోకి వచ్చింది, ఇరవై ఏళ్ళ రికార్డును అధికారికంగా తిరగరాసింది. గమనించారా? రికార్డు పుస్తకంలోకి ఎక్కిన ఆ పరుగు, లెక్కలోకి రాని రెండు పరుగుల కంటే నెమ్మదైనది. ఆ నెల తిరగకముందే ఆమె తన రికార్డును మరో రెండుసార్లు మెరుగుపరుచుకుంది కూడా.

మన ఇళ్ళల్లో ఇలాంటివి ప్రతి ఏడాదీ జరుగుతాయి. పిల్లాడు బాగా రాస్తాడు, ఓఎంఆర్ షీటులో ఒక గడి తప్పు దిద్దుతాడు. పిల్ల చక్కగా పాడుతుంది, బహుమతి ఇంకొకరికి వెళుతుంది. ఒక్క మార్కుతో సీటు పోతుంది. ఆ సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చినప్పుడు మన నోటి వెంట సాధారణంగా రెండు రకాల మాటలు వస్తాయి. "నేను ముందే చెప్పాను కదా" అనేది ఒకటి. "పోనీలే, అదేమంత పెద్ద విషయం కాదు" అనేది రెండోది. మొదటిది గాయం మీద కారం. రెండోది మంచి మాటే అనిపిస్తుంది గాని, పిల్లకి అది పెద్ద విషయమే. నెలల తరబడి కష్టపడింది దానికోసమే. దాన్ని చిన్నది చేస్తే ఆమె కష్టాన్నీ చిన్నది చేసినట్టే.

మూడో దారి ఉంది. ముందు అన్నం పెట్టండి. తర్వాత జరిగింది జరిగినట్టు ఒప్పుకోండి. "నువ్వు బాగా రాశావు. అది నిజం. సీటు రాలేదు. అదీ నిజం." ఈ రెండు నిజాలనూ పక్కపక్కన ఉంచగలిగితే చాలు. ఫలితం వేరు, చేసిన పని వేరు అని పిల్లకి ఉపన్యాసం ఇవ్వకుండానే తెలుస్తుంది. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక అక్కడి నుంచే వస్తుంది.

జాంబవంతుడు ఏం చెప్పాడు?

ఎవరికైనా ఉత్సాహం ఇచ్చే సందర్భం వస్తే మనకి జాంబవంతుడు గుర్తొస్తాడు. ఆయన హనుమంతుణ్ణి పొగిడాడనీ, పొగడ్తకి ఒళ్ళు పెరిగిందనీ తేలిగ్గా చెప్పేస్తుంటాం. కథను జాగ్రత్తగా చూడండి. నూరు యోజనాల సముద్రం ముందు వానరులు ఒక్కొక్కరే నేనింత దూకగలనంటే నేనింత దూకగలనని చెబుతున్నారు. హనుమంతుడు ఒక పక్కన ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. మన తరగతి గదుల్లో చివరి బెంచీలో కూర్చుని చెయ్యెత్తని పిల్లలు ఇలాగే ఉంటారు. జాంబవంతుడు తనే ఆయన దగ్గరికి వెళ్ళాడు. పసితనంలో సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన సంగతి గుర్తు చేశాడు. వజ్రం దెబ్బ తగిలి కిందపడి దవడ విరిగిన సంగతి కూడా దాచలేదు. అంటే ఆయన చెప్పింది హనుమంతుడు ఇదివరకే చేసిన పని, తిన్న దెబ్బ, ఆ దెబ్బ నుంచి కోలుకున్న తీరు.

ఆధునిక మనస్తత్వ శాస్త్రం కూడా దాదాపు ఇదే మాట అంటుంది. తన మీద తనకి నమ్మకం మనిషికి ఎలా కలుగుతుందో ఆల్బర్ట్ బండూరా 1977లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించారు. అన్నిటికన్నా బలమైనది తను స్వయంగా చేసి గట్టెక్కిన అనుభవం. తనలాంటివాళ్ళు చేస్తుంటే చూడడం, ఎదుటివాళ్ళు చెప్పే మాట, ఒంటి స్థితి దాని తర్వాతే. కాబట్టి "నువ్వు చేయగలవు" అన్న మాట ఒక్కటే గాలికి పోతుంది. దాని పక్కన పిల్ల చేసిన పనిని సాక్ష్యంగా పెట్టండి. "ఎనిమిదో తరగతిలో స్టేజీ ఎక్కనని ఏడ్చావు. తీరా ఎక్కి, మధ్యలో ఒక లైను మర్చిపోయినా ఆగకుండా పూర్తి చేశావు. గుర్తుందా?" ఇలాంటి మాటకి బరువు ఉంటుంది. అది నిజమని పిల్లకి తెలుసు మరి.

మెచ్చుకోవడంలోనూ ఒక చిన్న జాగ్రత్త కావాలి. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాలు చూడండి. ఐదో తరగతి పిల్లలకు కొన్ని ఆకారాల పజిళ్ళు ఇచ్చి, కొందరిని తెలివైనవాళ్ళని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిళ్ళు వచ్చి దెబ్బతిన్నాక, తెలివిని మెచ్చుకున్న పిల్లలు నీరుగారిపోయారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు పట్టు వదల్లేదు. మొదటి జట్టులో కొందరు తమ మార్కుల్ని ఎక్కువ చేసి చెప్పుకున్నారు కూడా. "మా వాడు జీనియస్ అండీ" అని చుట్టాల ముందు అంటే పిల్లాడు పొంగిపోతాడు, నిజమే. మర్నాటి నుంచి ఆ బిరుదు కాపాడుకోవడం వాడికి ఒక పనైపోతుంది. కష్టమైన లెక్క కనిపిస్తే బిరుదు పోతుందేమోనని పక్కకి తప్పుకుంటాడు. "ఆ లెక్క మూడు రకాలుగా ప్రయత్నించావు, నేను చూశాను" అనండి. "చూశాను" అన్నది ముఖ్యం. చూడకుండా మెచ్చుకుంటే పిల్లలు ఇట్టే పసిగడతారు.

కిరాణా కొట్టు నుంచి మొదలు

ధైర్యం పెద్ద సందర్భాల్లో బయటపడుతుంది గాని, చిన్న సందర్భాల్లో అలవాటవుతుంది. మాట్లాడాలంటే బెదిరే పిల్లని ఒక్కసారిగా వక్తృత్వ పోటీకి పంపితే బెదురు ముదురుతుంది. వీధి చివర కిరాణా కొట్టుకి పంపండి. మొదటిసారి మీరూ వెళ్ళండి, అడిగేది మాత్రం తను. రెండోసారి మీరు గుమ్మం దగ్గర నిలబడండి. తర్వాత ఒంటరిగా. కొట్టువాడు ఐదు రూపాయలు తక్కువ ఇస్తే "అంకుల్, ఇంకో ఐదు రావాలి" అని అడిగి తెచ్చుకున్న రోజున ఆ పిల్ల ఇంటికి ఎలా నడిచి వస్తుందో చూడండి. ఆ తర్వాత గ్యాస్ బుకింగ్ ఫోను, బ్యాంకులో డబ్బు కట్టే స్లిప్పు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విచారణ కౌంటరు. మనం పక్కనుండి చకచకా చేసేసే ఈ పనులన్నీ పిల్లలకి ధైర్యం నేర్పే పాఠాలే. ఆలస్యమవుతుందని మనమే లాగేసుకుంటాం.

అలాగని పూర్తిగా వదిలేయమని కాదు. మన ఓడరేవులో హార్బర్ పైలట్ పని చూడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువలోకి పెద్ద ఓడ రావాలంటే, పైలట్ బయట సముద్రంలోనే చిన్న పడవలో వెళ్ళి తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఓడ ఎక్కుతాడు. ఇక్కడి లోతులు, మలుపులు ఆయనకి తెలుసు. దారి చెబుతాడు. అయినా ఓడ బాధ్యత కెప్టెన్‌దే. పని కాగానే పైలట్ దిగిపోతాడు. ఇంటర్‌కి వచ్చిన పిల్లల దగ్గర మన స్థానం అదే. చుక్కాని లాక్కుంటే వాళ్ళకి ఓడ నడపడం ఎప్పటికీ రాదు.

"నేను కాదు" అనగలగాలి

ధైర్యమంటే పోటీకి దిగడం ఒక్కటే కాదు, అన్యాయం జరిగినప్పుడు మర్యాదగా నోరు విప్పడం కూడా. 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల హర్డిల్స్ ఫైనల్లో చైనా అమ్మాయి వూ యన్ని తుపాకీ మోగకముందే కదిలింది. ఆ కదలికకి జ్యోతి కూడా కదిలింది. అధికారులు జ్యోతిని కూడా తప్పుపట్టి బయటికి వెళ్ళమన్నారు. స్టేడియం నిండా ఎదుటివాళ్ళ జనం. జ్యోతి కదల్లేదు. వీడియో చూడమని పట్టుబట్టింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. 12.91 సెకన్లతో జ్యోతి మూడో స్థానంలో వచ్చింది. తర్వాత రెండో స్థానంలో వచ్చిన వూను అనర్హురాలిగా ప్రకటించి, జ్యోతి కాంస్యాన్ని రజతంగా మార్చారు.

ఇలాంటి గట్టితనం ఇంట్లో అలవాటు కాకపోతే బయట రాదు. "పెద్దవాళ్ళకి ఎదురు చెబుతావా?" అని ప్రతిసారీ నోరు మూయించిన పిల్ల, రేపు ట్యూషన్లోనో బస్సులోనో ఎవరైనా ఇబ్బంది పెడితే నోరు తెరవగలదా? ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. పిల్ల "నేను కాదు నాన్నా, తమ్ముడు పగలగొట్టాడు" అంటే ఒక్క నిమిషం ఆగి వినండి. పిల్లది నిజమైతే "నిన్ను అనవసరంగా అన్నాను" అని ఒప్పుకోండి. మీ పెద్దరికం తగ్గదు. నిజం చెబితే వింటారన్న నమ్మకం పిల్లకి కలుగుతుంది.

మీకే భయంగా ఉంటే

"మాకే గుండె దడదడలాడుతుంటే పిల్లలకేం ధైర్యం చెబుతామండీ?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి ఉక్కునగరంలో, గాజువాకలో ఎన్ని ఇళ్ళల్లో రాత్రిపూట గుసగుసలు నడిచాయో లెక్కలేదు. పిల్లలు పక్కగదిలో నిద్రపోతున్నారనుకుంటాం. వాళ్ళు వింటారు. సగం విని, మిగతా సగం ఊహించుకుంటారు. ఆ ఊహ ఎప్పుడూ అసలు సంగతి కన్నా పెద్దదే.

దాచకండి, అలాగని వాళ్ళ మీద కుమ్మరించకండి. వయసుకి తగినంత చెప్పండి. "ఈ నెల జీతం ఆలస్యమవుతుంది. ఫీజు కట్టేశాం. కొత్త బట్టలు మాత్రం పండక్కి చూద్దాం. నాన్నా అమ్మా చూసుకుంటారు, నువ్వు బెంగెట్టుకోకు." ఇందులో భయం ఉంది, లెక్క ఉంది, చేయబోయే పని ఉంది. భయం ఉన్నా పని ఆగదని పిల్లలకి తెలిసేది ఇలాంటి మాటల వల్లే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డ ఆదివారం ఇప్పటి తల్లిదండ్రుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, రోడ్ల నిండా కూలిన చెట్లు. అప్పుడు ట్యాంకరు వస్తే బిందెల వరసలో నిలబడమనో, పక్కింటి మామ్మకి కొవ్వొత్తి ఇచ్చి రమ్మనో పిల్లలకి పని చెప్పిన ఇళ్ళున్నాయి. చేతిలో పని ఉన్న పిల్లకి భయం కాస్త తగ్గుతుంది, తన వల్ల ఇంటికి ఉపయోగం ఉందన్న ధీమా వస్తుంది. తుపానే రానక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా పిల్లలకి తగిన పని అప్పజెప్పండి.

ఫలితాల రోజు

ఇంటర్ ఫలితాల తర్వాత పత్రికల్లో వచ్చే కొన్ని వార్తలు చదవడానికి కూడా మనసు రాదు. మా పిల్ల అలాంటిది కాదు అని ఎవరూ అనుకోవద్దు. ఫలితాలకు కొద్దిరోజుల ముందే, మామూలు మాటల్లో ఒకసారి చెప్పి ఉంచండి. తప్పితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది. ఏడాది పోయినా జీవితం పోదు. ముందే చెబితే ఇది సమాచారం. తప్పాక చెబితే ఓదార్పులా వినిపిస్తుంది, ఓదార్పుని ఆ పూట పిల్లలు నమ్మరు.

ఆ రోజు పిల్లని ఒంటరిగా వదలకండి. అలాగని చుట్టూ కాపలా కాసినట్టూ ఉండకండి. ఫోన్లు చేసే బంధువులకి మీరే జవాబు చెప్పండి, ఫోను పిల్ల చేతికివ్వకండి. అన్నం మానేసి గది తలుపు వేసుకుంటున్నా, "నేనుంటే మీకు బరువు" లాంటి మాట ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోకండి. ఉత్తినే అంటోందిలే అనుకోకుండా పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే నేరుగా చేయదలిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

ఇక చివరిగా ఒక చిన్న పని. ఫలితాల రోజు రాత్రి ఏం వండాలో ముందురోజే అనుకోండి. పాసైతే బిర్యానీ, తప్పితే పప్పుచారు అని కాదు. పిల్లకి ఇష్టమైనది ఏదో ఒకటి అనుకుని, సరుకులు తెచ్చిపెట్టుకోండి. ఏ మార్కులు వచ్చినా అదే వంట, అదే వేళకి, అందరూ కలిసి. "రేపు రాత్రికి ఇది చేస్తున్నాను" అని పిల్లకి ముందురోజే చెప్పేయండి.